బందరు రేవునుండి గోలకొండ ద్రాక్షతోటలకు

విలాసనౌకలు ఉదయమున లంగరు దించి సాయంకాలమున లంగరెత్తు ఈ కాలమున, రేవున దిగిన యాత్రికుని చేతనుండునది ఒక్క పగలు. ఆ పగటిలో సగము నగరమునకును, సగము నగరము వెలుపలి ద్రాక్షతోటలకును పంచిపెట్టుట యూరపుఖండపు రేవులలో ఒక ఆచారముగా స్థిరపడినది. ఇటలీదేశమున లివోర్నో రేవులో దిగినవారు పూర్వాహ్ణమున ఫ్లోరెన్సు నగరపు ప్రార్థనాలయములను, చిత్రశాలలను చూచి, అపరాహ్ణమున కియాంతి కొండవాలున ద్రాక్షాసవమును చవిచూచి, ఓడ కూతపెట్టులోపల మరలి వత్తురు. మన తెలుగునాట విశాఖపట్టణమున 2023లో ఇట్టి నౌకల కొఱకే ఒక నిలయమును నిర్మించిరి గాని, అచట దిగినవారు సింహాద్రి అప్పన్న కొండను, బౌద్ధుల తొట్లకొండను చూచుకొని మరలవలసినదే. ద్రాక్షతీగ ఆ తీరమునకు చుట్టము కాదు. తెలుగువారి ద్రాక్ష సముద్రమునకు దూరమున, దక్కనుపీఠభూమిపై, మూసీనది యొడ్డున పండినది. అచటి హైదరాబాదు నగరమునకు ఒకనాడు రేవు ఉండెను, అది బందరు. రెంటికిని నడుమ రెండువందల మైళ్ళకు పైబడిన బాట కలదు.

ఓడ దిగి, పట్టణమును ద్రాక్షపందిరిని రెంటిని చూచివచ్చుట పదునేడవ శతాబ్దిలో హైదరాబాదునకు వచ్చిన పరదేశులకు నిజముగా సంభవించిన యనుభవమే. అది ఒక పగటి పని కాదనుట స్పష్టము. కాని కాలవ్యవధికంటె నాకు ముఖ్యముగా తోచెడి భేదము మఱియొకటి కలదు. నేటి యాత్రికునకు నగరమొక దిక్కు, తోట యొక దిక్కు. ఈ రెంటిని కలుపుటకు వాహనమును, వేళాపట్టికయు కావలెను. గోలకొండ నేలిన కుతుబుషాహీల హైదరాబాదున ఈ రెండును విడిపడి యుండలేదు. ఇండ్ల నడుమ తోటలును, తోటల నడుమ ఇండ్లునుగా ఏర్పడిన ఊరది. వానిని విడదీసినది తరువాతి కాలము. అందును అధికభాగము మన కాలమే.

1652వ సంవత్సరమున ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ పారశీకదేశపు బందర్ అబ్బాసులో గోలకొండ సుల్తానునకు చెందిన యొక పెద్ద ఓడ నెక్కి, జులై ఆరంభమున బందరులో దిగినాడు. ఆ ఓడ ఏటేట మన సెల్లాలను, అద్దకపు బట్టలను పారశీకమునకు మోసికొనిపోవునది. తిరుగుప్రయాణమున దానియందు పారశీకప్రభువు గోలకొండ ప్రభువునకు కానుకగా పంపిన 55 గుఱ్ఱములును, సుమారు నూఱుగురు వర్తకులును ఉండిరి. నడిసముద్రమున తుఫాను చెలరేగి ఓడలోనికి నీరు ఎక్కగా, ఒక వర్తకుని మూటలలోని రష్యాతోళ్ళను కోయించి, బొక్కెనలుగా కుట్టించి, నీరు తోడించి బ్రతికి బయటపడిరట. వారు చేరిన బందరు అప్పటికే డచ్చివారికి, ఇంగ్లీషువారికి వర్తకస్థానమై యున్నది. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ వచ్చి నిలిచినది ఆ రేవుననే. ఊరిలోని ఇండ్లు కొయ్యవి. చూపునకు గొప్ప పట్టణము కాదు. కాని బంగాళాఖాతమున ఓడలు నిలుచుటకు దానిని మించిన చోటు లేదనియు, పెగూ, సయాము, అరకాను, మక్కా, హొర్ముజు, సుమత్రాలకు నౌకలు అచటినుండియే బయలుదేరుననియు టావెర్నియర్ మెచ్చుకొన్నాడు. పారశీకపు షిరాజునగరపు ద్రాక్షాసవము సీసాలకెక్కి, పెట్టెలలో గడ్డి నడుమ పదిలపడి, ఇండియా రేవులకు దిగుమతి యగుచుండిన కాలమది. ఆ పానీయము రాజులకు, అధికారులకు వర్తకులిచ్చెడి కానుకలలో నొకటి. మామూలు ప్రజ దానిని ఎఱుగదు.

బందరునుండి గోలకొండకు ఆ రోజులలో బండ్లు సుఖముగా నడచెడి బాట లేదు. కొండలును, చెఱువులును, ఏళ్ళును అడ్డుపడుటచేత సరకు ఎద్దుల వీపులమీదను, గుఱ్ఱములమీదను సాగుచుండెను; కలిగినవారు పల్లకి నెక్కుచుండిరి. ఈ బాట నగరమును సమీపించుచోట, మహమ్మద్ కులీ కుతుబుషాహు కుమార్తెయు, అబ్దుల్లా కుతుబుషాహు తల్లియు నగు హయాత్ బక్షీ బేగము తన పేరిట హయాత్‌నగరమును నిలిపి, అందు మసీదును, బాటసారులకు సరాయిని, హాథీబావి యను పెద్ద దిగుడుబావిని కట్టించినది. నేడు విజయవాడ బస్సులు ఆ మసీదు పక్కనుండియే రొదచేయుచు పోవుచున్నవి. సరాయి గదుల వరుసను తలయెత్తి చూచెడి ప్రయాణికులు అరుదు.

ఇంత దూరము వచ్చినవానికి నగరద్వారమున మఱియొక పరీక్ష కలదు. కావలివారు అతని మూటలు విప్పించి ఉప్పు గాని, పొగాకు గాని ఉన్నవేమో వెదకుదురు. రాజునకు ఆదాయము తెచ్చెడి సరకులలో ఈ రెండును ముఖ్యములు. క్రొత్తవాడు లోనికి పోవుటకు అనుజ్ఞ వచ్చుదాక ఒకటి రెండు దినములు వాకిటనే వేచియుండుటయు కలదని టావెర్నియర్ వ్రాసినాడు. నేటి నౌకాయాత్రికుడు ఊరంతయు చూచి ముగించెడి కాలము ఆనాటివానికి గుమ్మము దాటుటకే చాలలేదు!

పడమటినుండి, అనగా గోలకొండ కోటవైపునుండి వచ్చువారు మూసీని దాటవలసినది పురానాపూలుమీద. 1578లో ఇబ్రహీం కుతుబుషాహు కట్టించిన ఆ వంతెనకు ఇరువదిరెండు కమానులు. పారిసునగరపు పోంనెఫ్ వంతెనకు ఇది అందమున అంతగా తీసిపోదని టావెర్నియర్ వ్రాసినాడు. ఆ పారిసు వంతెనకు పునాది పడినదియు 1578లోనే యని ఆయనకు స్ఫురించినదో లేదో. ఈ పురానాపూలును గూర్చి జనులు చెప్పుకొనెడి ప్రేమకథ యొకటి కలదు: యువరాజు మహమ్మద్ కులీ వరదలోనికి గుఱ్ఱము నుఱికించి భాగమతి కొఱకై ఆవలి యొడ్డునకు పోయెననియు, తండ్రి భయపడి వంతెన కట్టించెననియు. ఆ యువరాజు పుట్టినది 1565లో. వంతెన పూర్తియైననాటికి అతనికి పదుమూడేండ్లు. చరిత్రకారులు భాగమతియే కల్పితమని వాదించిరి, కాదని వాదించినవారును కలరు. నాకు మాత్రము ఆ పసివాని వయసు ఈ కథకు గట్టి అడ్డంకిగా కనబడుచున్నది.

వంతెన దాటిన తరువాత కనబడెడి ఊరు, హిజ్రీశకము వేయవ సంవత్సరమున, అనగా 1591లో, మీర్ మోమిన్ అస్తరాబాదీ పర్యవేక్షణమున రూపు దిద్దుకొనిన క్రొత్తనగరము. నాలుగు రాజవీథులు కలియుచోట చార్‌మినారు. దానికి ఉత్తరమున నాలుగు కమానుల నడుమ నేడు గుల్జార్‌హౌజు అని పిలువబడు నీటితొట్టి. ఆ పక్కగా రాజప్రాసాదములు. మూసీకి దిగువగా 1595 ప్రాంతపు దారుషిఫా యను వైద్యశాల. 1666-67 నడుమ ఇచటికి వచ్చిన థెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు, వయసున ముప్పదిమూడేండ్లవాడు, చార్‌మినారు కొలతలను ఓపికగా వ్రాసికొని, ఈ పట్టణమున ఈ కట్టడపు వెలుపలి రూపమునకు మించిన సొగసు మఱి దేనికిని లేదని మెచ్చి, వెనువెంటనే యొక ఫిర్యాదు చేసినాడు: దీని చుట్టును కొయ్యతో కట్టి గడ్డికప్పిన వికారపు దుకాణములు చేరి చూపును చెఱచుచున్నవట, ఆ దుకాణములలో అమ్మునవి పండ్లట. మూడువందల యేబదేండ్లకు పైబడినది. గడ్డికప్పు పోయి గొడుగులును, నాలుగుచక్రముల బండ్లును వచ్చినవి. పురాతత్త్వశాఖయు, పురపాలకసంఘమును ఎన్నిమాఱులు తొలగించినను పండ్లబండి చార్‌మినారు మొదలును వదలలేదు. థెవెనో కనులకు కళంకమై తోచినది ఆ వీథికి ప్రాణమని నా యూహ. మీనార్ల నీడన జామపండును కోసి ఉప్పుకారము చల్లి చేతికిచ్చెడి వ్యాపారి, మీర్ మోమిన్ చిత్రించిన పథకమున లేకపోవచ్చును. కాని అతడు లేని చార్‌మినారు దొరల చిత్రపటములలో తప్ప లేదు.

టావెర్నియర్ కంటికి మఱియొక వింత తగిలినది. ప్రాసాదములమీద మిద్దెలపై మిద్దెలుగా తోటలు వేసి, అందు మహావృక్షములను పెంచిరనియు, ఇంతటి బరువును క్రింది కమానులు ఎట్లు మోయుచున్నవో తెలియక ఆశ్చర్యపడితిననియు ఆయన చెప్పినాడు. ఆయన చూచిన మక్కామసీదు అప్పటికి నిర్మాణమున నున్నది: 1617లో మొదలైన పని, ప్రార్థన చేయు గూటికి కావలసిన ఏకశిల నొకదానిని గనినుండి విడదీయుటకే ఐదారువందలమంది ఐదేండ్లు శ్రమించిరట, ఈడ్చుటకు పదునాలుగువందల ఎద్దులు కావలసివచ్చినవట. ఆ మసీదు ఔరంగజేబు చేతిలో 1694లో ముగిసినది. ఒకవైపు బండను నెత్తికెత్తుకొనెడి పనియు, మఱియొకవైపు మేడమీద మన్ను పోసి చెట్లు నాటెడి పనియు ఒకే ఊర ఒకే కాలమున జరిగినవి. ఆ రాజులకు ఱాతిమీద ఎంత మమకారమో తోటమీదను అంతయే.

ఇక ద్రాక్ష. థెవెనో ఈ రాజ్యమును గూర్చి వ్రాసిన పుటలలో చిన్న భాగ మొకటి దీనికి కేటాయించినాడు; చిన్నదైనను తోటపని తెలిసినవాడు దానిని తిరిగితిరిగి చదువును. ఇచ్చట ద్రాక్ష జనవరిలో పండుననియు, ఎండ తగులుటలోని హెచ్చుతగ్గులనుబట్టి కొన్ని తోటలలో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలదాక కోతలు సాగుననియు, ఆ పండ్లనుండి తెల్లని ద్రాక్షాసవమును తీయుదురనియు, కోత ముగియగనే తీగలను కత్తిరింతురనియు, ఆ మీదట జూను చివరనాటికి పుల్లనికాయ మఱల కాయుననియు ఆయన నమోదు చేసినాడు. ఆయన పెరిగిన ఫ్రాన్సులో ద్రాక్ష వసంతమున చిగిర్చి, ఆకురాలు కాలమున పండి, చలికాలమంతయు మోడై నిదురించును. దక్కనులో దానికి నిదుర లేదు. ఏడాది పొడవునను పచ్చగనే యుండగలదు. కనుక ఈ నేల రైతు చలి చేయవలసిన పనిని కత్తితో చేయును. ఏప్రిల్ నెలలో పండ్లు దిగిన వెంటనే కాడలను మొదటి కణుపులదాక కోసివేసి తీగకు క్రొత్త కొమ్మలు పుట్టించును. అక్టోబరులో ఆ కొమ్మలను కొలతగా కత్తిరించి పూత తెప్పించును. ఫిబ్రవరి మార్చి నెలలలో గుత్తులు చేతికి వచ్చును. వేసవి కత్తిరింపు తరువాత అడపాదడపా పుట్టెడి కాపు వానలలో చిక్కి తీపెక్కదు. అదియే థెవెనో చూచిన జూనుమాసపు పులుపు. రాజేంద్రనగరపు ద్రాక్షపరిశోధనక్షేత్రమున శాస్త్రజ్ఞులు రైతులకు చెప్పెడి రెండు కత్తిరింపుల పాఠము, పేరు లేని గోలకొండ తోటమాలికి మూడున్నర శతాబ్దుల క్రిందటనే కరతలామలకమై యుండెనని ఈ నాలుగు మాటలు నిరూపించుచున్నవి. అంతకు మూడువందల యేండ్లకు ముందు దౌలతాబాదును చూచిన ఇబ్న్ బతూతా కూడ అచటి ద్రాక్షయు దానిమ్మయు ఏడాదికి రెండుమాఱులు పండునని చెప్పియున్నాడు. ఉత్తరపు దక్కనునుండి గోలకొండదాక ఒకే విద్య ప్రాకినదని ఊహించుట సాహసము కాదు.

మన లాక్షణికులు కవిత్వపు మాధుర్యమును చెప్పుటకు ద్రాక్షాపాకమని యొక పేరు పెట్టిరి. కృష్ణాగోదావరుల నడుమ కూర్చుండి ఆ మాట వ్రాసినవారిలో ఎందఱు తీగనుండి త్రెంచిన ద్రాక్షను నోట వేసికొనిరో చెప్పజాలము. గోలకొండ దర్బారునకు రాకపోకలున్న తెలుగుకవులకు ఆ యవకాశము కొంత మెఱుగు. ఇబ్రహీమును మల్కిభరాముడని కీర్తించి, తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చిన అద్దంకి గంగాధరుడును, పటాన్‌చెఱువు ప్రాంతపు అమీనుఖానునకు అచ్చతెనుగు యయాతిచరిత్రమును సమర్పించిన పొన్నిగంటి తెలగనయు అట్టివారు.

అయితే ఈ తెల్లని ఆసవమును త్రాగినవా రెవరు? ఊరిలో ఐరోపావారు లేకపోలేదు. సుల్తాను ఫిరంగిదళమున పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషువారు కొలువు చేయుచుండిరి. అబ్దుల్లా కుతుబుషాహునకు డచ్చి శస్త్రవైద్యు డొకడు నెత్తురు తీసినాడు. దర్బారువారును ఉండిరి. మహమ్మద్ కులీ కవితలలో వసంతోత్సవమును, మృగశిర కార్తెలో తొలకరియు, మధుపాత్రయు తఱచుగా కనబడును. ఆయన గీతములను ఆయన అనంతరము సింహాసన మెక్కిన మహమ్మద్ కుతుబుషాహు 1616లో సంపుటముగా కూర్పించినాడు. మొహర్రపు నెలవంక కనబడగనే నౌబత్తు మూగవోవుననియు, మద్యము, కల్లు, మాంసము, తమలపాకుల అమ్మకము నగరమున ఆగిపోవుననియు అబ్దుల్లా కాలపు చరిత్రగ్రంథమైన హదీఖతుస్సలాతీన్ వర్ణించినది. ఆపవలసినంత అమ్మకము మిగిలిన నెలలలో ఉన్నదన్నమాట.

ఆ అమ్మకమున ద్రాక్షభాగము బహుస్వల్పము. హైదరాబాదు త్రాగినది కల్లు. ప్రొద్దుగ్రుంకువేళ ఇండ్ల వాకిళ్ళలో దీపములు వెలుగగా కల్లుదుకాణములు తెఱచుటను టావెర్నియర్ చూచినాడు. ఐదారు లీగుల దూరమునుండి, అనగా రమారమి పదునైదు మైళ్ళ అవతలినుండి, తోలుతిత్తులలో కల్లు నింపి, గుఱ్ఱమునకు ఇరువైపుల రెండు తిత్తులు వ్రేలాడగట్టి, పరుగుమీద తోలుకొని వత్తురట. దినమునకు ఐదాఱువందల గుఱ్ఱములు ఇట్లు నగరప్రవేశము చేయునట. ఆయన చెప్పిన లెక్కను అట్లే స్వీకరించినచో ప్రతిసాయంకాలమును వేయినుండి పన్నెండువందల తిత్తుల కల్లు. గుఱ్ఱమును పరుగెత్తించుట వృథా ఆడంబరము కాదు. తెల్లవాఱుజామున లొట్టినుండి దించిన కల్లు తియ్యగా నుండును. ఎండ ముదిరినకొలది పొంగి పులియును. దారిలో ఆలస్యమైనచో సరకునకు విలువ పడిపోవును. ఈత, తాటి చెట్టులెక్కి, నడుమునకు మోకు బిగించి, గీతకత్తితో పలుచగా చెక్కి లొట్టిని వ్రేలాడగట్టెడి గౌడవృత్తివాడు తెలంగాణమున అంతటను కలడు. మొగలాయీల పాలనపై 1700 తరువాత తిరుగబడి ఓరుగల్లుకోటను కొల్లగొట్టిన సర్వాయి పాపన్న ఆ వృత్తికుటుంబమున పుట్టినవాడే. ద్రాక్షతోట రాజునకు ముచ్చట; కల్లుపన్ను రాజునకు బొక్కసము. పరదేశి తన ఊరిపంటను ఇచట చూచిన సంతోషమున ద్రాక్షను వ్రాసికొన్నాడు, వింతయని కల్లును వ్రాసికొన్నాడు. ఊరివాని దృష్టిలో ఈ రెంటి పరిమాణము తాఱుమాఱు. ఈ కల్లుచరిత్ర అప్పటితో ఆగిపోలేదు. 2004లో ప్రభుత్వము హైదరాబాదు నగరమున కల్లుదుకాణములను మూయించినది. రాష్ట్రము విడివడిన 2014లోనే అవి మఱల తెఱచుకొన్నవి.

థెవెనో ఇచటినుండి బందరు చూచివచ్చి, సూరతు మీదుగా పారశీకమునకు తిరిగిపోయి, 1667 నవంబరులో మియానా అను ఊర మరణించినాడు. ఆయన ఇండియాయాత్ర 1684లో గాని అచ్చుకాలేదు. మూడేండ్లు గడచి, 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. కోటలోని రాజులు పోయిన తరువాత మేడమీది తోటలకు నీరు తోడువారు లేకపోయిరి; రాజధాని ఔరంగాబాదునకు తరలినది; అసఫ్‌జాహీల కాలమున హైదరాబాదు తిరిగి రాజధానియగుటకు రమారమి ఎనుబదేండ్లు పట్టినది.

ద్రాక్ష రెండవమాఱు ఈ నగరమును ఆశ్రయించినది పందొమ్మిదవ శతాబ్ది చివర. అబ్దుల్ బాకర్‌ఖాను అను హైదరాబాదు ప్రముఖుడు 1890 ప్రాంతమున అనాబెషాహీ యను రకమును ఇచట నాటెనని ఉద్యానశాస్త్రగ్రంథములు చెప్పుచున్నవి. ఇది త్రాగుటకు కాదు, తినుటకు: కోలగా సాగిన పెద్దపండు, పక్వమునకు వచ్చినపుడు తేనెవన్నె, లోపల రెండు మూడు గింజలు. దీనికి ఆరడుగులకు పైబడిన పందిరి కావలెను. గ్రానైటు కడీలను వరుసగా పాతి, తీగలను అడ్డముగా నిలువుగా లాగి, ఆ జల్లెడమీద ద్రాక్షను ప్రాకించినచో, మిట్టమధ్యాహ్నము క్రిందికి పోయినవానికి ఆకుల సందుల దూరిన వెలుతురు మాత్రమే నేలపై మచ్చలుగా పడును. తల కొంచెము వంచి నడువనిచో గుత్తులు నొసటికి తగులును. కడీలకు ఈ నేలలో కొఱత లేదు. గోలకొండను కట్టిన ఱాయియే పందిరికిని ఆధారమైనది. ఎకరమునకు పది టన్నులను మించిన దిగుబడి సాధారణమగుటచే, ప్రపంచమున మఱెచటను ఇంత పంట లేదని మన శాస్త్రజ్ఞులు గర్వించిన దినములు కలవు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి మూడు నాలుగు దశాబ్దులలో ఉప్పలు, హబ్సీగూడ, నాగోలు, అల్వాలు, మేడ్చలు, శంషాబాదు, కిస్మత్‌పూరు దిక్కులందంతట ఈ పందిళ్ళు వ్యాపించినవి. పాతబస్తీనుండి సైకిలుమీద పోదగిన దూరమున ద్రాక్షతోట యుండెడిది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెటు కమానుల క్రింద మార్చిమాసమున గంపలకొలది అనాబెషాహీ దిగెడిది. గోల్కొండ రూబీ అను పేర ఎఱ్ఱని ద్రాక్షాసవ మొకటి మన దేశపు దుకాణములలో అమ్ముడుపోయిన కాలమును అదియే. ఆ పేరు పెట్టినవానికి థెవెనో తెలిసియుండవలెనను నియమము లేదు. గోలకొండ యనగనే రత్నము స్ఫురించుట లోకసహజము.

ఈ రెండవ ద్రాక్షయుగము ముగిసిన తీరు మొదటిదానివంటిది కాదు. అప్పుడు రాజు పోయినాడు; ఇప్పుడు ఊరు వచ్చినది. కాలనీలు ఎదురేగి పందిళ్ళను కలిసికొన్నవి. కడీలు పెరికి ప్లాట్ల గుర్తురాళ్ళుగా పాతిరి. ఎకరము ద్రాక్ష పదియేండ్లలో ఈయలేని సొమ్మును గజముల లెక్కన స్థలము ఒక్కనాడు ఇచ్చినపుడు రైతును నిందించుట న్యాయము కాదు. బోరులలో నీరు దిగిపోవుటయు, బూజుతెగులు, పిండినల్లి విజృంభించుటయు, కత్తిరింపు తెలిసిన కూలీలు కరవగుటయు ఆ నిర్ణయమును త్వరపఱచినవి. వీనితోపాటు తినువారి నాలుకయు మాఱినది: గింజ లేని థామ్సను రకము మహారాష్ట్రపు నాసిక్, సాంగ్లీల నుండి లారీలలో వచ్చుట మొదలుపెట్టగా, గింజ ఉమ్మివేయవలసిన అనాబెషాహీ పాతకాలపు పండైపోయినది. పండ్ల మార్కెటు కూడ ఊరితోపాటు కదలినది: మొజంజాహీనుండి జాంబాగునకు, 1986లో గడ్డిఅన్నారమునకు, 2021 తరువాత హయాత్‌నగరము దాటి బాటసింగారమునకు. ద్రాక్షాసవపు సీమను చూడదలచిన దక్కనువాసి నేడు నాసిక్‌కు రైలెక్కుచున్నాడు. అచట 2000 ప్రాంతమునుండి ఆసవశాలలు లేచి, పందిళ్ళ నడుమ అతిథిగృహములను కట్టి, ఇటలీవారి మర్యాదలన్నియు నేర్చుకొన్నవి.

అయినను పందిరి పూర్తిగా పోలేదు. అల్వాలు రైతు చింతల వెంకటరెడ్డి పైమట్టిని, అడుగుమట్టిని మార్చి మార్చి వాడెడి పద్ధతితో రసాయనములు లేక ద్రాక్ష పండించి 2020లో పద్మశ్రీ నందుకొన్నాడు. కీసర, మేడ్చలు వైపుల మిగిలిన కొందఱు రైతులు ఫిబ్రవరి మార్చి నెలలలో నగరవాసులకు తోటగేటు తెఱచి, కత్తెరయు గంపయు చేతికిచ్చి, కోసికొన్నంతకు తూచి సొమ్ము తీసికొనుచున్నారు. ప్రొద్దున పురానాపూలును, చార్‌మినారును, మక్కామసీదును చూచి, మధ్యాహ్నము భోజనమైన పిదప బయలుదేరిన కుటుంబము చీకటిపడులోపల గంపెడు గుత్తులతో ఇల్లు చేరగలదు. రసము తీయుటయో, ఊరవేయుటయో ఇంటివారి యిష్టము. పోదలచినవారు ముందుగా రైతునకు ఫోను చేసి కాపు నిలిచియున్నదో లేదో కనుగొనవలెను: ఎండ ముదిరిన యేడు మార్చి మూడవవారమునకే పందిరి ఖాళీయగును, ఏప్రిల్ వచ్చినచో రైతు కత్తి పట్టి కాడలను మొదటి కణుపులదాక కోసివేయును.